ఈ వారం టాప్, ఈ వారం ఫ్లాప్: రెండు లిస్టుల్లోనూ మన సిరాజే

వికారాబాద్ నుంచి మళ్లీ నేనే. ఈసారి మన వారానికి ఎనిమిది రోజులు. జూలై 28 సోమవారం నుంచి ఆగస్టు 4 సోమవారం దాకా. క్యాలెండర్ తప్పని కాదు, ఓవల్ టెస్టు వల్ల. ఆదివారం సాయంత్రమే అయిపోతుందని కెమెరా పెట్టుకుని కూర్చున్నా. వెలుతురు తగ్గింది, వాన పడింది, ఆట సోమవారానికి పోయింది. దాంతో ఎపిసోడ్ కూడా పోయింది. పోవడమే మంచిదైంది, ఎందుకో చెప్తా.

ముందు మిగతా పేర్లు చకచకా చెప్పేసుకుందాం, ఈరోజు టైమంతా ఒక్క మనిషికే కావాలి.

జూలై 28న జార్జియాలోని బటుమిలో మహిళల చెస్ వరల్డ్ కప్ ఫైనల్. కోనేరు హంపి, దివ్య దేశ్‌ముఖ్. 38 ఏళ్ల ఆమె, 19 ఏళ్ల ఈమె. మామూలు గేములు రెండూ డ్రా, ర్యాపిడ్‌లో రెండో గేమ్ దివ్య గెలిచింది. "హంపి ఫ్లాప్" అని కొందరు రాశారు. అన్నా, ఫైనల్ దాకా వచ్చి, క్యాండిడేట్స్ టోర్నీకి అర్హత సంపాదించి, ఆఖరి రోజు ఓడిన మనిషి ఫ్లాప్ ఎట్లవుతుంది? 2024 డిసెంబర్‌లో వరల్డ్ ర్యాపిడ్ గెలిచిందీ ఈ హంపినే. నేను పెట్టను.

మకావు ఓపెన్ బ్యాడ్మింటన్‌లో మన తెలంగాణ కుర్రాడు తరుణ్ మన్నేపల్లి టాప్ సీడ్ లీ చ్యూక్ యూని ఓడించి సెమీస్ దాకా వెళ్లాడు. ఈ పేరు రాసి పెట్టుకోండి. అదే టోర్నీలో అమలాపురం సాత్విక్, చిరాగ్‌తో కలిసి క్వార్టర్స్‌లో మూడో గేమ్ దాకా లాగి ఓడాడు. వాళ్ల లెవెల్‌కి అది తక్కువే, కానీ ఫ్లాప్ అనేంత తక్కువ కాదు.

ఇంక అసలు సంగతి.

ఆదివారం రాత్రి నాకు వచ్చిన మెసేజ్‌లలో సగానికి పైగా ఒకటే మాట. తాండూరు నుంచి ఒక తమ్ముడు ఏకంగా వాయిస్ నోట్ పెట్టాడు: "అన్నా, ఈ వారం ఫ్లాప్ ఎవరో ఆలోచించే పనే లేదు. సిరాజ్‌ను పెట్టు. గంత అల్కటి క్యాచ్ పట్టి తాడు మీద కాలేస్తడా? మ్యాచ్ పాయె, సిరీస్ పాయె." సోమవారం సాయంత్రం అదే నంబర్ నుంచి ఇంకో వాయిస్ నోట్. అందులో మాటల్లేవు, కేకలే.

ఆ రెండు వాయిస్ నోట్‌ల మధ్య గడిచింది ఒక్క రోజు కూడా కాదు. మనిషి మారలేదు, చేతులు మారలేదు. మరి ఏం మారింది? దాని గురించే ఈ ఎపిసోడ్.

మ్యాచ్ చూడనోళ్ల కోసం క్లుప్తంగా. అండర్సన్-టెండూల్కర్ ట్రోఫీ, ఐదో టెస్టు, లండన్‌లోని ఓవల్. ఇంగ్లాండ్ 2-1తో ముందుంది. మనోళ్లు మొదటి ఇన్నింగ్స్‌లో 224, వాళ్లు 247. మనం రెండోసారి 396, జైస్వాల్ 118. మధ్యలో నైట్ వాచ్‌మన్‌గా వచ్చిన ఆకాశ్ దీప్ 66 కొట్టాడు, అది బోనస్. ఇంగ్లాండ్ కొట్టాల్సింది 374.

శనివారం సాయంత్రం ఆఖరి ఓవర్. సిరాజ్ బౌలింగ్, క్రాలీ బ్యాటింగ్. బంతి వేసే ముందు లెగ్ సైడ్ ఫీల్డర్‌ను వెనక్కి, బౌండరీ దగ్గరికి పంపించారు. అంటే ఏంటి? బౌన్సర్ వస్తుందని చెప్పకనే చెప్పినట్టు. క్రాలీ బౌన్సర్‌కి సిద్ధమయ్యాడు. వచ్చింది యార్కర్. స్టంప్స్ లేచిపోయాయి, ఆ రోజు ఆట అయిపోయింది. శనివారం రాత్రి వచ్చిన మెసేజ్‌లలో సిరాజ్ హీరో. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఆదివారం. ఇంగ్లాండ్ మూడు వికెట్లకు 137. బ్రూక్ 19 మీద ఉన్నాడు. ప్రసిద్ధ్ కృష్ణ షార్ట్ బాల్ వేశాడు, బ్రూక్ పుల్ చేశాడు, బంతి నేరుగా ఫైన్ లెగ్ బౌండరీ దగ్గర నిలబడ్డ సిరాజ్ చేతుల్లోకి. పట్టాడు. ప్రసిద్ధ్ అప్పుడే చేతులు పైకెత్తి సంబరం మొదలుపెట్టాడు. అంతలో సిరాజ్ కాలు ఒక్క అడుగు వెనక్కి పడింది, తాడు మీద. అవుట్ కాదు, సిక్స్. సిరాజ్ మొహం మీద చేతులు పెట్టుకున్నాడు. ప్రసిద్ధ్ మొహం చూడలేకపోయాను.

ఇక్కడ నేను ఎవరినీ వెనకేసుకు రాను. ఆ క్యాచ్ ఖరీదు లెక్క వేద్దాం. బ్రూక్ 19 దగ్గర పోవాల్సినవాడు 98 బంతుల్లో 111 కొట్టాడు. అంటే 92 పరుగులు ఎక్కువ. రూట్‌తో కలిసి 195 పరుగుల పార్ట్‌నర్‌షిప్. టెస్టు సిరీస్ తేలే రోజు ఒక్క అడుగుకి ఇంత ఖరీదు నేనైతే ఈ మధ్య చూడలేదు. ఒక్క క్షణాన్ని మాత్రమే చూసి ఫ్లాప్ ఇవ్వాలంటే, ఈ వారం ఇంతకన్నా పెద్ద ఫ్లాప్ లేదు. తాండూరు తమ్ముడు చెప్పింది నిజమే, ఆ మేరకు.

కానీ ఆ బ్రూక్ ఎట్ల అవుటయ్యాడో చూశారా? ఆకాశ్ దీప్ బౌలింగ్‌లో ముందుకొచ్చి గట్టిగా ఊపాడు. బ్యాట్ చేతిలోంచి జారి ఒకవైపు ఎగిరిపోయింది, బంతి ఇంకోవైపు గాల్లోకి లేచింది. కింద నిలబడింది ఎవరు? సిరాజే. పట్టాడు. స్కోర్‌కార్డులో "క్యాచ్ సిరాజ్" అని ఉంటుంది చూడండి. పొద్దున చేతులారా వదిలేసినవాడిని, 92 పరుగుల తర్వాత మళ్లీ చేతులారా పట్టాడు. ఆ రెండో క్యాచ్ కింద నిలబడ్డప్పుడు అతని కడుపులో ఏం తిరిగి ఉంటుందో టెన్నిస్ బాల్ ఆడినోళ్లకి నేను చెప్పక్కర్లేదు.

అక్కడి నుంచి బెతెల్ పోయాడు, రూట్ 105 దగ్గర పోయాడు, వెలుతురు పోయింది. ఆరు వికెట్లకు 339. కావాల్సింది ఇంకా 35.

సోమవారం నేను వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైల్లో ఉన్నా. మధ్యాహ్నం మూడున్నరకు ఆట మొదలు. నిలబడ్డానికి చోటు లేదు, కిటికీ పక్కన కాలేజీ పిల్లలు నలుగురు ఒకే ఫోన్ మీద తలలు పెట్టి చూస్తున్నారు. మొదటి రెండు బంతులూ ఫోర్లు. బోగీ అంతా చప్పబడిపోయింది. ధారూరు దాటాక సిగ్నల్ పోయింది, బొమ్మ గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయింది. వెనకాల కందుల సంచి మీద కూర్చున్న ఒక పెద్దాయన అడుగుతున్నాడు, "ఎంతైంది బిడ్డా?" ఎవరి దగ్గరా జవాబు లేదు. సిగ్నల్ వచ్చేసరికి స్మిత్ లేడు. జురెల్ క్యాచ్, బౌలర్ సిరాజ్. ఇంకాసేపటికి ఓవర్టన్, ఎల్బీడబ్ల్యూ, బౌలర్ సిరాజ్. టంగ్‌ను ప్రసిద్ధ్ బౌల్డ్ చేశాడు.

అప్పుడు క్రిస్ వోక్స్ దిగాడు. మొదటి రోజే భుజం తొలగిపోయింది అతనికి. ఎడమ చెయ్యి కట్టుతో స్వెటర్ లోపల, కుడి చేత్తో బ్యాట్. గెలవడానికి 17 పరుగులు. ఇంగ్లాండ్ వాడైనా సరే, బోగీలో ఎవరూ కేకలు వేయలేదు.

తర్వాత జరిగినదాన్ని చాలామంది మర్చిపోయారు. సిరాజ్ బౌలింగ్‌లో అట్కిన్సన్ గాల్లోకి లేపాడు. బౌండరీ దగ్గర ఆకాశ్ దీప్ పరుగెత్తి ఎగిరాడు, బంతి వేళ్లకు తగిలి తాడు అవతల పడింది. సిక్స్. కష్టమైన క్యాచ్, నేను కాదనను. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి: ఆ తర్వాత ఇంగ్లాండ్ ఇంకో 11 కొట్టి గెలిచి ఉంటే, ఆ రాత్రి మన ఫోన్లలో తిరిగే క్లిప్ ఎవరిది? ఆకాశ్ దీప్‌ది. గెలిచాం కాబట్టి అది ఎవరికీ గుర్తు లేదు. ఫ్లాప్ అనే ముద్ర తప్పును బట్టి పడుతుందనుకుంటాం. కాదు, తర్వాత వేరేవాళ్లు ఆడిన ఆటను బట్టి కూడా పడుతుంది.

ఆఖరికి సిరాజ్, అట్కిన్సన్, 140 దాటిన యార్కర్, ఆఫ్ స్టంప్. 367 ఆలౌట్. 6 పరుగులతో గెలిచాం. పరుగుల లెక్కలో టెస్టుల్లో మన జట్టుకు ఇదే అతి చిన్న గెలుపు. సిరీస్ 2-2. ఆదివారం తాడు తొక్కి ఇచ్చిన సిక్స్ ఎంతో, గెలిచిన తేడా అంతే. ఆరుకి ఆరు. సోమవారం ఆట గంట కూడా పట్టలేదు, 53 బంతులు.

నా టాప్ ఎవరో ఇంక చెప్పక్కర్లేదు. మొదటి ఇన్నింగ్స్‌లో 4, రెండో దాంట్లో 104 పరుగులిచ్చి 5, మ్యాచ్‌లో 9 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్. అయితే నేను టాప్ ఇస్తున్నది ఈ తొమ్మిదికి కాదు. ఇంకో నంబర్ ఉంది, అది ఎవరూ స్టేటస్ పెట్టుకోలేదు.

185.3 ఓవర్లు. ఈ సిరీస్‌లో సిరాజ్ వేసినవి. అంటే 1,113 బంతులు. ఐదు టెస్టులూ ఆడాడు. మన ఫాస్ట్ బౌలర్లలో ఐదూ ఆడింది అతనొక్కడే. బుమ్రా మూడు ఆడాడు, అది ముందే అనుకున్న లెక్క, వెన్ను సంగతి మనకు తెలుసు. బుమ్రా లేని రెండు టెస్టుల్లోనూ మనం గెలిచాం. ఎడ్జ్‌బాస్టన్‌లో సిరాజ్ మొదటి ఇన్నింగ్స్‌లో 6 వికెట్లు, ఇక్కడ 9. సిరీస్ మొత్తం 23, రెండు జట్లలో ఎవరికీ అన్ని లేవు.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేటప్పుడు గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ వాడేవాళ్లం. కోడ్‌లో ఏ లైన్ ఎవరు రాశారో పేరుతో సహా చూపిస్తుంది. ఏదైనా పగిలినప్పుడల్లా అది కొట్టి చూస్తే ఎక్కువసార్లు ఒకరిద్దరి పేర్లే వచ్చేవి. కొత్తగా చేరినవాళ్లు "వీళ్లే పనికిరానోళ్లు" అనుకునేవాళ్లు. అసలు సంగతి ఏంటంటే, సగం కోడ్ వాళ్లే రాశారు. ఏమీ రాయనివాడి పేరు బ్లేమ్‌లో ఎప్పుడూ రాదు కదా. ఎండలో 25వ రోజు దాకా మైదానంలో ఉన్నవాడి కాలే తాడు మీద పడుతుంది. డగౌట్‌లో కూర్చున్నవాడి కాలు పడదు.

అట్లని "పాపం అలసిపోయాడు, వదిలేద్దాం" అని అనడం లేదు నేను. అంతర్జాతీయ ఆటగాడు, కోట్ల జీతం, తాడు ఎక్కడుందో చూసుకోవాలి. ఆ క్యాచ్ తప్పే, లిస్టులో ఉంటుంది. నేను అనేదల్లా, ఆ తప్పు పక్కన 1,113 కూడా రాయండి అని. ఒకటి రాసి ఇంకోటి దాచడం లెక్క కాదు.

ఇంకో ముచ్చట. 2025 మొదట్లో ఛాంపియన్స్ ట్రోఫీ జట్టులోంచి సిరాజ్‌ను తీసేశారు. అప్పటి కెప్టెన్ చెప్పిన కారణం, కొత్త బంతి లేకపోతే ఇతని ప్రభావం తగ్గుతుందని. అంతకుముందే ఏడేళ్లు ఆడిన బెంగళూరు వదిలేసింది, గుజరాత్ 12.25 కోట్లకు కొన్నది. ఇప్పుడు ఓవల్ ఆఖరి రోజు చూడండి. 80 ఓవర్లు దాటాక కొత్త బంతి తీసుకోవచ్చు. మనోళ్లు తీసుకోలేదు. పాత బంతే బాగా తిరుగుతోందని దానితోనే కొనసాగించారు. అట్కిన్సన్ స్టంప్‌ను లేపిన బంతి వయసు 85 ఓవర్లు. పాత బంతితో పనికిరాడని పక్కన పెట్టినవాడే పాత బంతితో సిరీస్ కాపాడాడు. ఈ జవాబు అతను నోటితో చెప్పలేదు, అందుకే మనం చెప్పుకోవాలి.

మూడు వారాల కింద లార్డ్స్ కూడా గుర్తుందా? జూలై 14. పదకొండో నంబర్‌గా వచ్చి జడేజాకు తోడుగా 30 బంతులు అడ్డుకున్నాడు. ఆఖరికి బషీర్ బంతిని బ్యాట్ నడుమ పెట్టి బాగానే ఆపాడు, అది కింద పడి, మెల్లగా వెనక్కి దొర్లి, స్టంప్‌ను తాకి బెయిల్ పడేసింది. 22 పరుగులతో ఓడాం. పిచ్ మీద కూర్చుండిపోయాడు. అప్పుడు కూడా కొందరు ఫ్లాప్ అన్నారు. బౌలర్ వచ్చి 30 బంతులు ఆడితే ఫ్లాప్ అట!

ఇక ఫ్లాప్. ఇవ్వకుండా తప్పించుకోను, ఈ ప్రోగ్రామ్ పేరే అది. ఇంగ్లాండ్ మూడు వికెట్లకు 301 దగ్గర ఉంది. సెంచరీ కొట్టిన బ్రూక్, పక్కన రూట్, కావాల్సింది 73. అక్కడి నుంచి 66 పరుగులకు ఏడు వికెట్లు. ఈ వారం ఫ్లాప్ ఆ 66 పరుగులు. ఒక్క పేరు చెప్పమంటే బెతెల్ అంటారు మీరు, 31 బంతుల్లో 5. కానీ ఆ పిల్లాడికి 21 ఏళ్లు, ఎర్ర బంతి ఆట పెద్దగా ఆడించకుండానే సిరీస్ తేలే టెస్టులోకి దింపారు. నన్నడిగితే ఆ మార్కు దింపినవాళ్ల ఖాతాలో వేస్తా. గెలిచే చోట అంత పెద్ద షాట్‌కి వెళ్లిన బ్రూక్ ఖాతాలో కొంచెం. 111 కొట్టినా సరే.

ఇప్పుడు లోకల్ మ్యాటర్. సిరాజ్ కూడా మనలాగే టెన్నిస్ బాల్ పిల్లాడు. నాన్న ఆటో నడిపేవారు, అకాడమీ ఏమీ లేదు, గల్లీల్లో, ఈద్గా మైదానాల్లో ఆడి, 2015లో హైదరాబాద్ రంజీ జట్టులోకి వచ్చాడు. మన దగ్గర మైదానంలో తాడు ఉంటుందా? ముగ్గుపిండితో గీత గీస్తారు, రెండో ఇన్నింగ్స్ కల్లా అది చెదిరిపోతుంది. తాండూరులోనైతే నాపరాయి ముక్కలు పేర్చి బౌండరీ అంటారు. ఫీల్డర్ కాలు గీత దాటిందా లేదా అన్నది గొంతు పెద్దగా ఉన్నవాడు తేలుస్తాడు.

తాండూరు టీమ్‌లో ఒక అబ్బాయి ఉన్నాడు, పేరు చెప్పను. బండల పాలిష్ యూనిట్‌లో పని. ఆ టీమ్‌లో రోజూ అందరికంటే ఎక్కువ ఓవర్లు వేసేది అతనే, నేను కళ్లారా చూసిన. పోయిన సంక్రాంతికి ఫైనల్లో అచ్చం ఇట్లనే, క్యాచ్ పట్టి గీత దాటాడు. మ్యాచ్ పోయింది. ఆ రోజు నుంచి అతన్ని "సిక్సర్" అని పిలవడం మొదలుపెట్టారు. చాయ్ దగ్గర సిక్సర్, వాట్సాప్ గ్రూపులో సిక్సర్. మూడు నెలలు నవ్వాడు. తర్వాత గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఆదివారాలు కూడా యూనిట్‌లోనే పని చేసుకుంటున్నాడు. సిరాజ్‌కి తెల్లారితే ఇంకా ఆట మిగిలి ఉంది, బంతి చేతికిచ్చే కెప్టెన్ ఉన్నాడు. ఇతనికి సోమవారం రాలేదు.

వాయిస్ నోట్ పెట్టిన తమ్మీ, నువ్వు ఆడేది కూడా ఆ టీమ్‌లోనే కదా. కేకలు విన్నాను, బాగున్నయ్. ఈ ఆదివారం యూనిట్ దాకా పోయి అతన్ని పిలుచుకుని రండి. అసలు పేరు పెట్టి పిలవండి. కొత్త బంతి ఇయ్యండి, ఓవర్ అయ్యాక ఫైన్ లెగ్‌లోనే నిలబెట్టండి. ముగ్గుపిండి గీత మాత్రం కొంచెం మందంగా గీయండి, ఖర్చు నేను పెట్టుకుంటా.

ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ మీద మీ అంచనాలు పంపండి. రైడర్ల గురించి వద్దు, డిఫెన్స్ గురించి రాయండి. ఉంటా మరి.